ళ కి బొమ్మ లేదు

గోడ మీద పోయినేటి వరద గీతకి
జానెడు పైన వేలాడుతుంది మా అక్షరాల చార్టు.
అ దగ్గర అమ్మ, ఆ దగ్గర ఆవు,
ఋ దగ్గర గడ్డంతో సహా ఋషి గారు.
ళ దగ్గర మాత్రం
అచ్చువేసినవాడికి ఏమీ తోచలేదు కాబోలు,
గడి తెల్లగా వదిలేశాడు.
ఆ తెలుపులో ఇప్పుడొక బల్లి గుడ్డు మరక.

మా బడి లంకలో.
నాతోపాటు రోజూ పంటెక్కి
రెండు పాలక్యాన్లు, ఒక మోపెడ్, అరటి గెలలూ
గోదారి దాటుతాయి.
ఒకటో తరగతిలో పదకొండు మంది.
పలకలున్నాయి గానీ బలపాలు నిలవవు,
సగం తింటారు, సగం పారేసుకుంటారు.
అందుకే రేవులోంచి ఒండ్రు తెప్పిస్తాను.

నీరు తీసిన రేవులో ఒండ్రు వెన్నపూస.
అరచేతుల మధ్య తాడులా పేనితే
అక్షరం దానంతటదే వంగుతుంది.
కరుణకుమారి అ ని జంతికలా చుట్టింది.
షమీమ్ ఠ నడుమ చుక్కకి
రేగిగింజ గుచ్చింది.
ఐ ఎవరికీ కుదరలేదు, నాక్కూడా.
"బ కి తలకట్టు లేదేంటండీ?" అంది ప్రశాంతి.
"తిరపతెళ్ళొచ్చింది, గుండు"
అన్నాడు వెనకనించి ఎవడో.

ఆ సాయంత్రం పౌడరు డబ్బాలో చీటీలేసి
తలా ఒకటి తీయమన్నాను.
ఎవరికొచ్చిన అక్షరంతో మొదలయ్యే వస్తువు
రేపు వాళ్ళు ఇంటినుంచి తేవాలి.
లోవరాజు ఆఖర్న తీశాడు.
బళ్ళో చేరి మూడు నెలలు,
హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు,
నోరెత్తడు.
డబ్బా అడుగున మిగిలింది
ళ.

తిరుగు పంటులో, నది సగానికొచ్చాక,
గుండె జల్లుమంది.
ళ తో మొదలయ్యే మాట ఏదీ?
లేదు.
పదిహేనేళ్ళుగా దిద్దిస్తున్నాను,
అది ఎప్పుడూ వరసలో ముందు నిలబడదని
అప్పుడు తట్టింది.
లేని వస్తువు తెమ్మని పంపానే పిల్లాణ్ణి!

తెల్లారేసరికి బల్ల మీద సంత.
ర కి రొయ్య, దాని వాసనతో సహా.
ప కి కొబ్బరి పీచు, చ కి చాట,
ట కి వాళ్ళ నాన్న టార్చి, చెప్పకుండా తెచ్చింది.
లోవరాజు అందరికన్నా ఆలస్యంగా,
ఉత్త చేతుల్తో,
మోకాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడ్డాడు.
"ఏం తేలేదండీ ఈడు!" అన్నారు పదిమంది.
తప్పు నాదేరా అని చెప్పబోతున్నాను.
వాడు కిందికి చూసుకున్నాడు.
"కాళ్ళు," అన్నాడు.
గొంతు బొంగురు, నేనెప్పుడూ విననిది.
"లోపలుందండీ అది."

ఇంక ఆగలేదు ఎవరూ.
కళ్ళు! వేళ్ళు! గోళ్ళు! పళ్ళు!
ఒళ్ళంతా తడుముకుని
దొరికినచోటల్లా కేకేశారు.
నీళ్ళు! ఇళ్ళు! పెళ్ళి!
బెల్లం, అన్నాడొకడు.
కాదంటే ఏడుపు.
నాలిక వెనక్కి మడవమన్నాను,
పదకొండు నాలికలు మడతపడి
పదకొండు నోళ్ళలో చొంగ.
బెల్లానికి నాలిక మడవక్కర్లేదని
ఏడ్చినవాడే కనిపెట్టాడు.

చార్టు దించాం.
బొమ్మ గీయరా అంటే లోవరాజు
ఒండ్రు గిన్నెలో పాదం ముంచి
ఖాళీ గడి మీద మోపాడు.
గడి చిన్నది, కాలు పెద్దది.
బొటనవేలు పోయి పక్కింటి హంస ముక్కు మీద పడింది,
మడమ కింద క్ష సగం మునిగింది.
ఆరాక కొంచెం బెడ్డ రాలింది గానీ
వేళ్ళు అయిదూ ఉన్నాయి.

ఈ సంగతి రాత్రి డైరీలో రాసుకుంటూ
చివర ఇలా రాశాను:
మర్నాడు హాజరుకి చెయ్యెత్తాడు,
నోరెత్తలేదు మళ్ళీ.

మళ్ళీ.
కలం ఆగింది.
ఇందులోనూ ఉంది.