మూడంతస్తుల అక్షరం

ఒక్క రాత్రిలో చదివేయొచ్చని అట్ట మీద ఉన్నది.
నాకు ఏడు నెలలు పట్టింది.

బల్లార్షా స్టేషన్ల సిర్పూరు బండెక్కుతూ
మా బామ్మర్ది రాజలింగు బెంచీ మీద మర్చిన పుస్తకం.
మందమర్రిల చిట్టీలు నడుపుతడు.
"ఉంచుకో బావా, బతుకు మారుతది" అన్నడు ఫోన్ల.

మరాఠీ బళ్లె ఏడు దాకా చదివిన.
తెలుగు నా నోట్లె ఉన్నది, కంట్లె లేదు.
అమ్మ తిట్లల్ల విన్న తెలుగు,
వాల్‌పోస్టర్ల మీద ఏరుకున్న నాలుగు అక్షరాలు.

కాగితమైతే తెలుసు.
బొటనవేలితో రుద్ది చెప్త, వెదురెంతో, నీలగిరి కట్టె ఎంతో.
ఇరవై మూడేండ్లు మిల్లుల కట్టర్ ముందల నిలబడ్డ.
ఇది మా కాగితం కాదు.
మాదైతే ఇంత జల్ది పసుపెక్కదు.

పొద్దున్నే ఐదింటికి మేల్కోండి, అన్నది పుస్తకం.
మేల్కొనే ఉంట సారూ,
నా నైట్ షిఫ్టు ఆరింటి దాకా.

వెనక్కి లాగే మనుషుల్ని వదిలేయండి, అన్నది.
శకుంతలకు చదివి వినిపించిన.
జొన్నలు చెరుగుకుంట అడిగింది:
"ముందుగాల నన్నా, వాసేకర్‌నా?"

అద్దం ముందు నిలబడి 'నేను గెలుస్తాను' అనమన్నది. అన్న.
"ఎవరి మీద పప్పా?" అని మా చిన్నది.

నాలుగో పాఠం కాడ ఆగిపోయిన.
లక్ష్యం.
క కింద ష, ష కింద య,
ఒక్క అక్షరానికి మూడంతస్తులు.
మూడు దినాలు దాని ముందల నిలబడ్డ
కిరాయికి ఇల్లు అడగవచ్చినోని లెక్క.
క్యాంటీన్ బల్ల మీద చాయ్ తడిల వేలుతో గీసిన.
నోరు తిరిగినంక చూస్తే
మరాఠీల రోజూ అనే మాటే.
ఇంత ఎత్తుంటదని తెల్వదు.

ఆఖరి పేజీల ఐదు ఖాళీ గీతలు.
మీ లక్ష్యాన్ని ఇక్కడ రాయండి.

మస్టర్‌ల నేను మోండీ దుర్గే.
రేషన్ కార్డుల, జీతం చీటీల, ఓటరు లిస్టుల
దుర్గే.

ఆ రాత్రి రెండింటికి రోల్ తెగి మిషన్ ఆగింది.
వర్ధా వంతెన మీద బొగ్గుబండి సప్పుడు.
స్టోర్ పెన్ను అడుక్కొని
మొదటి గీత మీద రాసిన:
దుర్గం మొండయ్య.
య వత్తు గీత దాటి కిందికి జారింది.

మిగిలినవి అట్లనే ఉన్నయి.
పాల లెక్క రాసుకుంటనంటే
శకుంతలను వద్దన్న.

నిన్న రాజలింగు ఫోన్ చేసిండు.
చిట్టీలు మునిగినయట,
పుస్తకం వాపసు కావాల్నట.
ఇంకా ఒడువలేదని చెప్పిన.