తలా పిడికెడు

మెటెగన్ రేవులో పొగమంచు
చూసి పోదామని వచ్చే చుట్టం కాదు.
ఒళ్ళంతా ఉప్పు రాసుకుని వచ్చి
చీకటి పడేదాకా కదలదు.
ఆ సాయంత్రం చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
ఆల్చిప్పల నీచు ఇంకా వేళ్ళకుండగానే
సైకిలెక్కాను.

వెనక దీపం వెలగలేదు.
వెలగదని నాకు తెలుసు.
శనివారం కొన్న రెండు బ్యాటరీలూ
రేడియోలో వేశాను.
రేపు పొగమంచు ఉంటుందో లేదో
వినాలి కదా మరి.

అల్బాన్ తిబొదో వ్యాను చర్చి మలుపు తిరిగింది.
యాభైలో రావలసిన చోట డెబ్బైలో.
చర్చి హాల్లో విందు,
ఆలస్యమైతే ఆడవాళ్ళు ఊరుకోరు.
బ్రేకు చప్పుడు నాకు గుర్తు లేదు.
గుర్తున్నదల్లా
తారు మీద బోర్లాపడ్డ పళ్ళేలు,
బంగాళాదుంప తురుము, కోడిమాంసం,
నా మోకాలి పక్కనే ఒక ముద్ద
పొగలు కక్కుతూ.
ఆకలేసింది. ఇది కోర్టులో చెప్పలేదు.

డిగ్బీలో వాళ్ళ లాయరు నెమ్మదస్తుడు.
కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు.
దీపం ఉందా అమ్మా?
ఉంది.
వెలిగిందా?
మా లాయరు ఓదెత్ కాగితాల్లో ఏదో వెతికింది.
నేను కిటికీలోంచి చూశాను.
సముద్రం వెనక్కి పోయి
పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి ఉన్నాయి.
లేదు అన్నాను.

తిలాపాపం తలా పిడికెడు.
ఈ కోర్టు పిడికిలిని కూడా తూచి పెడుతుంది.
ఆయనకి డెబ్బై, నాకు ముప్పై.
తొంభై వేల డాలర్ల కాలు నాది.
నా వంతు తప్పు కోసేస్తే
అరవై మూడు వేలు.

బాగానే ఉంది. లెక్క తప్పలేదు.
కానీ మోకాల్లో స్క్రూలు పది.
ఏడు అల్బాన్‌వి, మూడు నావి అనుకుందాం.
జనవరి చలికి కొరికేవి ఏవి?
మేడ మెట్లు మూడోది ఎక్కేటప్పుడు
నోట్లోంచి వచ్చే బూతు ఎవరి ఖాతాలోకి?
ఎక్స్‌రే పట్టుకుని డాక్టర్ని అడిగాను.
నవ్వాడు, అన్నీ ఒకే కంపెనీవి అన్నాడు.

డబ్బు ఆయనివ్వలేదు.
హాలిఫాక్స్‌లో ఎవరో
నా మొహం చూడనివాళ్ళు చెక్కు పంపారు.
మరి అల్బాన్ ఏం కట్టాడు?
వ్యాను అమ్మేశాడని విన్నాను.
వాళ్ళావిడ రెజీన్ చెప్పింది,
రాత్రి రెండింటికి లేచి
వంటగదిలో లైటు వేసి కూర్చుంటాడట,
ఆర్పమంటే ఆర్పడట.

మార్చిలో సహకార దుకాణంలో ఎదురుపడ్డాం.
నా బుట్టలో పాలు, సబ్బు, ఒక పొట్లం బ్యాటరీలు.
ఆయన చూపు బ్యాటరీల మీద ఆగింది.
నా చూపు ఆయన గడియారం మీద.
ఇద్దరం తప్పుకోబోయి
ఇద్దరం ఒకే పక్కకి జరిగాం,
మళ్ళీ ఒకే పక్కకి.
ముందు మీరు, అన్నాడు.
కర్ర పోటు వేసుకుంటూ ముందు నేనే వెళ్ళాను.
క్షమించమని ఎవరూ అడగలేదు.
అడిగితే ఏ వంతుకి అడిగినట్టో
ఇద్దరికీ తెలియదు.

నిన్న పోలీసులు సంచీ పంపారు.
కేసు ముగిసిందట, వస్తువులు తీసుకోమట.
ఒక చెప్పు, తెగిన గొలుసు,
నంబరు చీటీ కట్టిన దీపం.
దానికి గీత కూడా పడలేదు.

కొత్త పొట్లం ఎక్కడ పెట్టానో కనపడలేదు.
రేడియో వెనక మూత తీసి
అందులోవే రెండూ దీపంలో వేశాను.

వెలిగింది.
అంత సులువుగా.

బల్ల మీద ఎర్రగా మినుకుమంటుంటే
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.
తెల్లారితే వాతావరణం ఎలా ఉంటుందో
ఆ రాత్రి వినలేదు.