ఇగురు

పొద్దుగాల ఉమ్మితె
మోదుగుపువ్వు నలిపినట్టు పడేది నురుగు.
సింగపూరు ఓడల రేవుల వెల్డింగు పని,
పదారు మందికి ఒక్క అర్ర, ఒక్క అద్దం.
ఆ అద్దంల నా ఇగుర్లు సూసుకునుడు
నేనే బంద్ జేసిన.

సందుల చైనా ముసలాయన దుకాణం.
గోడ పొడుగూతా సొరుగులు,
సొరుగు సొరుగుకు ఒక అడివి వాసన.
ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు.
నాలుక సాపమని సైగ జేసిండు. సాపిన.
మూడు వేళ్లు నా మణికట్టు మీద పెట్టి
కండ్లు మూసుకొని చానాసేపు ఇన్నడు,
బొక్కెన నీళ్లకు తాకిందా లేదా అని
చేంతాడు పట్టుకొని సూసినట్టు.
ఆయెనక నా కడుపు మీద తట్టి
పొయ్యి మండినట్టు వేళ్లాడిచ్చి
ఆ మంటను మెల్లగ నోటి దాక ఎక్కిచ్చిండు.

నవ్వాపుకోలేదు నేను.
దేవరకొండ అంగట్ల మా మేనత్త ఈదమ్మ
నలభై ఏండ్ల సంది జెప్పేది గదే గదా:
"వేడి జేసింది బిడ్డా,
కడుపుల అగ్గి ఇగుర్లకెక్కింది."

రేకు డబ్బి ఇచ్చిండు.
దాని మీద ఎర్ర రాత,
కప్పులు, కిటికీలు పెట్టి
చిన్న చిన్న ఇండ్లు కట్టినట్టు.
రుద్దితె మంట. మంట ఎన్కాల సల్లదనం.
సగం అయిపోయింది, సగం ఇంటికి తెచ్చిన.

ఎండుచాపలామె పక్కన గోనెసంచి మీద మా అత్త.
తుమ్మచెక్క, కరక్కాయ పెచ్చు, ఉత్తరేణి బూడిద,
పొంగిచ్చిన పటిక, దొడ్డుప్పు
దంచి, జల్లిచ్చి, పేపరు ముక్కల పొట్లాలు కట్టి
పదికొకటి.
డబ్బి మూత తీసి ఏందని అడగలే,
గోరంత తీసి ముక్కు కాడ పెట్టుకుంది.
"లవంగం.
పచ్చకప్రం.
ఓయమ్మ, మాచికాయ! ఇది గాడికెట్ల వొయింది?"
ఇంక ఒకటి మిగిలింది, పచ్చటి ఏరు పొడి.
నాలుక మీద పెట్టుకొని
ఇద్దరు గిరాకీలను నిలవెట్టింది.
"చేదు. మంచి చేదు. దీని పేరేందిరా?"
అడగలేదన్న.
"మందు దినుడు తెలుసు, పేరడుగుడు తెల్వదు.
ఆ ముసలాయనకున్న ఇగురం
నీకు లేకపాయె."

నవ్వితె అత్త నోట్ల నాలుగే పండ్లు,
నాలుగింటి మీద గోధుమరంగు సారలు.
మర్రిగూడెం దిక్కు బోరింగు నీళ్లు తాగి పెరిగిన పండ్లవి.
"ఇగుర్లకు ఆకున్నది, చెక్కున్నది.
నీళ్లకు ఏం నూరుదు?"
అని పొట్లం మడిచింది.

నల్లగొండల పండ్ల డాక్టరమ్మ
పొడులన్నీ ఓపిగ్గ ఇని,
"ముందు గార తియ్యాలె" అని
గంటసేపు గీకింది.
పెచ్చులు పెచ్చులు రాలింది, పాతగోడ.
అత్త కోపానికొస్తదనుకున్న.
"గీకనియ్యి. గోడ గీకకుంట
సున్నమేస్తరా ఎవరన్న?"

నిన్న పొద్దున తెల్లగ పడ్డది నురుగు.
ఎవరి పుణ్యమో తేల్చేటంత తెలివి నాకు లేదు.

అత్త మాత్రం ప్రతి అంగడికి
పొట్లాల నడుమ ఆ డబ్బి పెట్టుకొని కూసుంటది.
గిరాకి లేనప్పుడు ఎండకు పట్టి
ఆ ఎర్ర ఇండ్లను ఏలుతోని లెక్కవెడ్తది.
"ఈ మూడో ఇంట్ల ఉన్నట్టున్నదిరా
దాని పేరు.
తలుపే దొరుకుతలేదు."