డిమాండు నోటీసు

మా ఆఫీసులో డిమాండు అంటే
ఊరు మాకు పడ్డ బాకీ.
ఎర్రగీతల రిజిస్టరులో మూడో గడి.
పదకొండేళ్లుగా ఆ గడి నింపుతున్నాను.
ఔట్‌సోర్సింగు బిల్లు కలెక్టర్ని.
సైకిలు నాది, రశీదు పుస్తకం మునిసిపాలిటీది.

మూడులాంతర్ల దగ్గర బయల్దేరితే
గంటస్తంభం చేరేలోపు
మా ముత్తాత దాకా ఎవరో ఒకరు తలుచుకుంటారు.

గుప్తేశ్వరరావు గారి స్టీలు కొట్లో
ప్రతి గిన్నె మీదా నా మొహం వంకరే.
"ఇంటికి పన్ను, కొట్టుకి పన్ను, బోర్డుకి పన్ను,
చెత్తక్కూడానా?
కష్టపడేవాడి దగ్గర గుంజి
కూర్చున్నవాడికి పంచడమేగా మీ సోషలిజం!"
నాది కాదని చెప్పను. రశీదు రాస్తాను.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తారు,
మజ్జిగ మాత్రం లెక్కపెట్టకుండా.

కణపాకలో గౌరునాయుడు మావది రేకుల ఇల్లు.
నెల్లిమర్ల వైపు జూట్‌మిల్లులో ముప్పయ్యేళ్లు నారదుమ్ము పీల్చి
గేటు మూసిన రాత్రి ఆ గేటు ముందే పడుకున్నవాడు.
ఏ సర్కారునీ మెచ్చుకోగా నేను వినలేదు.
పన్ను మాత్రం వీధిలో అందరికంటే ముందు,
చిల్లరతో సహా.
"ఏటి మావా, నువ్వు కూడానా?" అన్నానొకసారి.
దగ్గు తగ్గేదాకా ఆగి అన్నాడు:
"ఘోషాసుపత్రిలో మీ ఆడది పురుడోసుకున్న మంచం
ఎవలిదనుకున్నావు?
దాని కోడొకటి నాది.
మిగతా మూడూ ఎవలు మింగీసినారో
అడగడానికే ఈ రశీదు."

తర్వాత నాలుగు నెలలు జీతం రాలేదు.

ఈసారి డిమాండ్లు మావి.
పారిశుద్ధ్యం వాళ్లవి తొమ్మిది, మావి మూడు,
ఒకే బేనరు మీద, అచ్చుతప్పులతో సహా.
షామియానా కింద నా పక్కన అప్పలనరసమ్మ.
ఆమె ఇంటి మీద పాతబకాయి పన్నెండు వందలు.
నా దస్తూరీయే.
"ఉంచు బావూ," అని నవ్వింది,
"నాకు రావలసిన నాలుగ్నెల్లలోంచి కోసుకో."

ఆరో రోజుకి ఊరు కంపు కొట్టింది.
రైతుబజారు వెనక
కాకులూ కుక్కలూ మునిసిపాలిటీ నడిపాయి.
గుప్తేశ్వరరావు గారు ముక్కుకి రుమాలు కట్టుకుని
స్కూటరు మీద వచ్చారు.
"నా పన్ను తిని నా గుమ్మం ముందే కుప్ప పెడతారా?"
"తింటే కదా!" వెనకనుంచి ఎవరో.
మావ కర్ర ఆనుకుని లేచాడు.
ఇద్దరూ అరుచుకున్నారు.
రష్యా వచ్చింది. రాష్ట్రం అప్పు వచ్చింది.
పింఛన్లు వచ్చాయి, వాటితో తాగేవాళ్లు వచ్చారు,
మిల్లు భూములు ఎవరి పేరన ఉన్నాయో వచ్చింది.
చివరికి గుప్తేశ్వరరావు గారి నాన్న
నెత్తిన తట్టతో గజపతినగరం దాకా
గిన్నెలమ్ముకుంటూ నడిచిన సంగతీ వచ్చింది.
"ఆయనకెవడు పంచాడయ్యా?"
గొంతు మారిపోయింది.
మావ దగ్గర దానికి జవాబు లేదు.
లేదా దగ్గు అడ్డొచ్చింది.
పక్కనే ఉన్నా నాకు తెలీలేదు.

మధ్యాహ్నం కొట్టు కుర్రాడు
బకెట్టు నిండా మజ్జిగ తెచ్చాడు.
"సమ్మెకి కాదంట. ఎండకంట."
ఆరు స్టీలు గ్లాసులు, ఒక కట్ట కాగితం కప్పులు.
స్టీలువి మా ఆఫీసోళ్ల వైపు పెట్టి
కప్పుల కట్ట విప్పుతూ ఆగాడు.
ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా.
అప్పలనరసమ్మ నా మీదుగా చెయ్యి చాపి
ఒక స్టీలు గ్లాసు తీసుకుంది,
ముంచుకుంది,
గుక్క తిప్పుకోకుండా తాగింది.

తొమ్మిదో రోజు విరమించాం.
రెండు నెలల జీతం, మిగిలింది మాట.
ఆమె మొదట ఊడ్చింది మేం కూర్చున్న చోటే.
నేను సైకిలుకి గాలి కొట్టించుకుని
మూడులాంతర్ల దగ్గర మళ్లీ మొదలెట్టాను.

కొట్టుకి ఐదు గ్లాసులే తిరిగెళ్లాయి.
ఆయన ఇంకా అడగలేదు.
అడిగితే
ఏ పద్దు కింద రాయాలో చూడాలి.