సగం పడవ

కాళేశ్వరం రేవు పక్క కొట్టంలో
పాత పడవ బోర్లా పడుకుని ఉంది,
గుగ్గిలం ఊడిన చోటల్లా ఎండిన నాచు,
ఒక సందులో రొయ్య మీసం.

ఎడమ పక్క గోడకు ఆని ఉంది, తీగ దూరలేదు.
కుడి పక్కనే జానెడుకొకసారి వంచి
పొట్ట కొలుచుకున్నాను.
పదకొండు వంపులు
నోట్‌బుక్కులో చేపముళ్ళలా.

రాత్రి హన్మకొండ హాస్టల్లో
ఆ ముళ్ళకు చర్మం తొడిగాను.
చుక్కను పట్టి లాగితే
తెర మీద పడవ ఊపిరి పీల్చుకుంటుంది.

బరాజ్ కట్టాక గంగ నిలబడిపోయింది.
ఇసుక మీద ఈడ్చే బల్లపరుపు అడుగుతో పనిలేదు,
గాలి లేస్తే అల మొన మీద ఉమ్మేస్తోంది.
అందుకని మొనను బెత్తెడు ఎత్తాను,
అడుగును రెండు వేళ్ళు దించాను,
నడుమును కాస్త వెనక్కి జరిపాను.
మోసే బరువు మాత్రం మారొద్దు,
ఒకచోట తీసింది ఇంకోచోట పెట్టాల్సిందే,
అమ్మ చిట్టీల లెక్క లాగా.

సగమే గీశాను.
రెండో సగం అద్దం గీస్తుంది.
మా చదువులో అందరూ అంతే.

వడ్ల ఓదెలు కాగితం చూసి
బీడీ చెవి మీద పెట్టుకుని
"మా పడవ బిడ్డేనా గిది? ముక్కు పోలిక ఉన్నది" అన్నాడు.
మద్ది చెక్క మీద నెలన్నర బాడిస ఆడింది.

దించిన నాడు
రాజేశం గడ పట్టుకుని ఎక్కి
ఎప్పటిలాగే ఎడమ అంచున కాలు మోపాడు.
పడవ ఒరిగి ఆయన్ని
నడుముల్లోతు గంగలో నిలబెట్టింది.
రేవంతా నవ్వింది, నేను తప్ప.

పాతదాన్ని నలుగురం కలిసి గోడ నుంచి జరిపాం.
ఎడమ పొట్ట
కుడిదానికంటే వేలెడు లావు.

"మా అయ్య చేసిండు దీన్ని.
రాజేశం తాతకు కుడికాలు సత్తువ లేకుండె,
ఎడమ దిక్కే ఒరిగి నిలవడేటోడు.
ఈనికి రెండు కాళ్ళు మంచిగనే ఉన్నయి, గని
నేర్చింది ఈ పడవల్నే గదా."

ఆ రాత్రి అద్దం తీసేశాను.
రెండు పక్కలూ కలవడం లేదని తెర గొణిగింది.
నేనెన్నడూ చూడని ఒక కాలు కోసం
పదకొండు చుక్కలు
ఒక్కొక్కటే ఎడమకు జరిపాను.

తెల్లారి కొలతలు చెబుదామని ఫోన్ చేస్తే
ఓదెలు మాటకంటే ముందు
రంపం చప్పుడు వినబడింది.