తెల్ల గాడి

మూడో గొంతు అందుకునే చోట
తెర నల్లబడింది.
మూత విప్పితే ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్లు
పులిసిన పిండిలా నెత్తిన ఉబ్బి ఉన్నాయి.
పదకొండేళ్ల బోర్డు. తిట్టడానికి నోరు రాలేదు.

సబుర్తాలోలో కొత్త షాపు.
గెగా అనే కుర్రాడు, చెవికి రింగు, మాటకి ముందే నవ్వు.
"పిన్నీ, ఇది తీసుకో" అన్నాడు.
నల్లగా, నిగనిగలాడుతూ, అంచున చిన్న దీపాలు.
"నా ప్రాసెసర్ పడుతుందా?"
"పట్టదు. నీదానికి పదకొండు వందల యాభై పిన్నులు,
దీనికి పదిహేడు వందలు."
"మరి నా మెమరీ?"
"అది మూడో తరం. ఇది అయిదో తరాన్ని తప్ప
గడప తొక్కనివ్వదు."
"పవర్ సప్లై?"
గెగా తల గోక్కున్నాడు.
గుండీ దొరికిందని చొక్కా కుట్టించుకున్నట్టుంది వరస.
అయినా వేళ్లు లెక్కలు వేశాయి,
అబద్ధమెందుకు, ఆశపడ్డాను.

చివరికి అడిగాను, తెల్ల గాడి ఏదని.
"ఏ గాడి?"
"పీసీఐ. పొడుగ్గా ఉంటుంది."
ఫోన్‌లో బొమ్మ వెతికి
తవ్వకాల్లో దొరికిన కుండపెంకు చూసినట్టు
"ఓహో" అన్నాడు.

ఆ గాడిలో కూర్చుంటుంది నా సౌండ్ కార్డు.
దాని వెనక టేప్ రికార్డర్,
రికార్డర్ మీద లాంచ్‌ఖుతి టీ ఫ్యాక్టరీ ఆడవాళ్లు
షిఫ్టు దిగి పాడిన నలభై మూడు రీళ్లు.
ముప్పై ఒకటి ఎక్కించాను.
తక్కినవాటి నుంచి గోధుమరంగు పొడి రాలుతోంది,
తుడిచిన గుడ్డ మీద ఏ పాట ఉందో.
పన్నెండు రీళ్ల దూరం నడిస్తే చాలు నాకు, ఏ బోర్డైనా.

మా భాషలో దేదా అంటే అమ్మ.
రాజధాని దేదాకలాకి, భూమి దేదామిత్సా,
పాత ఇళ్లలో కప్పు మోసే నడిమి స్తంభం దేదాబోద్జీ.
ఈ ఆకుపచ్చ పలక దేదాప్లాతా.
అమ్మ అని పేరు పెట్టి అన్నీ మోయమంటాం,
మోయలేనంటే మార్చేస్తాం.

శనివారం, ఎండిన వంతెన దగ్గర సంత.
అప్‌గ్రేడ్ అంటే మెట్టెక్కడమన్నాడు గెగా.
నేను మెట్లు దిగుతున్నాను.
పతకాలు, కెమెరాలు, చెవి విరిగిన పింగాణీ జింక,
వాటి నడుమ దుప్పటి మీద ముర్మాన్ బోర్డులు,
చేపల్లా పాత పేపర్లో చుట్టి.
ఒకదానికి సాకెట్ కుదిరింది, గాడి లేదు.
ఒకదానికి గాళ్లు మూడు, సాకెట్ మాత్రం తాతలనాటిది.
అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

ఏడోది విప్పాను.
సాకెట్ అదే.
మెమరీకి నాలుగు అరలు, నాకిన్నాళ్లూ రెండే.
అడుగున, దుమ్ము కొట్టుకుని, ఒకే ఒక్క తెల్ల గాడి.
భూతద్దం పెడితే ఓ మూల మూడు పిన్నులు వంగి ఉన్నాయి.
ముర్మాన్ కాలరు మడతలోంచి సూది తీశాడు,
పసిపిల్ల కంట్లో నలుసు తీసినట్టు
ఒక్కొక్కదాన్నీ లేపి నిలబెట్టాడు.
"పనిచేస్తుందా?"
"చేయకపోతే వచ్చే శనివారం ఇక్కడే ఉంటాను.
చేసినా ఇక్కడే ఉంటాను."
నలభై లారీలన్నాడు, ముప్పై అయిదుకిచ్చాడు.

నాలుగు మెట్లెక్కాక వెనక్కి పిలిచాడు.
"నీ పెట్టెలో ఇత్తడి బుడిపెలు తొమ్మిది ఉంటాయి.
దీనికి రంధ్రాలు ఎనిమిదే.
తొమ్మిదోది పీకెయ్.
అడుగున తగిలిందంటే బూడిదే."

పీకేశాను. మీట నొక్కాను.
ఫ్యాను తిరిగింది, ఆగింది,
నా గుండె కూడా దాంతోపాటే,
మళ్లీ తిరిగింది.
బటన్ బ్యాటరీ చచ్చినట్టుంది,
తెర మీద తేదీ రెండు వేల పదమూడు, జనవరి ఒకటి.
సరిచేయలేదింకా.

ముప్పై రెండో రీలు మొదటినుంచి తిప్పాను.
ఒక గొంతు. రెండోది.
మూడోది, మంద్రం, నేల కింద నుంచి వచ్చినట్టు.
అది సాగినంతసేపూ
టీ సాసర్‌లో తొమ్మిదో బుడిపె
సన్నగా అదురుతూనే ఉంది.