చివరి పేజీకి ఒక అక్షరం తక్కువ

వల్పరైసో రేవులో, మా అచ్చాఫీసులో
జెడ్ అర ఎప్పుడూ చిన్నదే.
పెద్ద సైజులో నాలుగే నాలుగు సీసపు ముక్కలు.
ఏటా సరిపోయేవి,
ఆ ఏడు తప్ప.

ఆ ఏడు పోయిన పేరున్నవాళ్ళందరికీ
ఇంటిపేరులో ఎక్కడో ఒకచోట అదే అక్షరం.
చెవికి స.
కంటికి మాత్రం, మెట్లు దిగుతూ
మధ్యలో జారిపడ్డ గీత.

లిసామా మార్చిలో పోయాడు.
కొండ మీదికి పెట్టెలు లాగే ఇనపతాడుకు
చెవి ఆనించి జబ్బు చెప్పగల ఇంజనీరు.
"దీనికింకా రెండు చలికాలాలుంది" అనేవాడు.
తన ఛాతీకి తానే చెవి ఆనించుకోవడం ఎవడి తరం?
పూడ్చిన రోజు మూడో నంబరు పెట్టె
సగం ఎత్తులో ఆగిపోయింది.
కరెంటు పోయిందన్నారు కంపెనీవాళ్ళు.
పేజీలో అది వెయ్యలేదు. చోటు లేదు.

తర్వాత ఓయార్సున్ అమ్మ.
గోడల మీద, సమాధుల మీద పాకే
బూడిదరంగు పాచికి వరుసగా పేర్లు పెట్టిన మనిషి.
రాయిని నాలుకతో తాకి రకం చెప్పేదట.
యూనివర్సిటీ ముప్పై ఏళ్ళు నవ్వింది,
ఆనక పిలిచి పతకమిచ్చింది.
వేదిక మీదే దాన్నీ నాకి చూసి
"ఇత్తడి" అంది.

అరాఓస్, రేడియోలో ఆటుపోట్ల వేళలు చదివిన గొంతు.
ముఖం ఊళ్ళో ఎవరికీ తెలీదు.
ఫొటో అడిగితే చెల్లెలు
బాప్తిజం నాటిది తెచ్చిచ్చింది. ఇంకేదీ లేదంది.
అదే వేశాం.
లేసు టోపీలో పసిపిల్ల, కింద
"జాలర్లను నలభై ఏళ్ళు నిద్రలేపిన" అంటూ రెండు ముక్కలు.

నాలుగో జెడ్ సున్యిగాకి. గోలీ.
కుడిచేతి వేళ్ళు రెండు పూర్తిగా చాచుకునేవి కావు.
దండం పెట్టినా బంతి పట్టినట్టే.
శవపేటికలోనూ అంతే.

అర ఖాళీ. పేజీ బిగించేశాను.
ముప్పై ఒకటి రాత్రి, రేవులో ఓడలన్నీ
ఒక్కసారిగా కూతపెట్టి కొత్త ఏడాదిని పిలిచాక
ఎర్మెలిండా అనే నర్సు తడిసిన చీటీతో వచ్చింది.
సమొరానో పోయాడు.
మా పత్రిక కార్టూనిస్టే.

చీటీలో వేళ పన్నెండూ నాలుగు.
"నా గడియారం ఆరు నిమిషాలు ముందు," అంది,
"డ్యూటీకి ఆలస్యం కాకూడదని నేనే తిప్పుకున్నా."
మరి కూతలకి ముందా, తర్వాతా?
"కూతలప్పుడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.
వింటున్నాడనుకున్నా."

వచ్చే ఏటి పేజీకి ఉంచుదామన్నాడు ఎడిటర్.
అంటే పన్నెండు నెలలు
పక్కన ఎవరు చేరతారా అని
ఒక్కడే కూర్చోవాలి.
ఈ ఏడే వేద్దామంటే, మిగిలిన చోటు
సున్యిగా కిందే.
అయిదు గోల్సు తిన్న మర్నాడు
గ్లవ్స్ బదులు రెండు జల్లెళ్ళు తొడిగి బొమ్మ గీశాడని
ఆ గోలీ ఒట్టేసుకున్నాడు:
ఈ మనిషి ఉన్న వరుసలో నిలబడను,
రొట్టెల కొట్టు దగ్గరైనా సరే.

ఆరు నిమిషాలు.
నర్సు చేతిలో అవి టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి.
నేను బిగించిన పేజీ విప్పాను.

జెడ్ లేదుగా.
ఎన్ ఒకటి తీసి పక్కకి పడుకోబెట్టాను,
కదలకుండా కాగితం ముక్క దోపాను.
నిలబడ్డంతసేపూ ఒక అక్షరం,
పడుకుంటే ఇంకోటి.
పొద్దున చదివినవాళ్ళెవరూ పట్టుకోలేదు.
నర్సు ఒక్కర్తే, రెండు కాపీలు కొంటూ
"ఇది కొంచెం లావుగా ఉందేం?" అంది.

రెండో తారీఖున పేజీ విప్పి, కిరసనాయిలుతో కడిగి,
ఎవరి అక్షరాలు వాటి అరల్లో వేశాను.
ఎన్‌ని లేపి నిలబెట్టాను.
ఆనక చేపల ధరల పట్టీ.
మెర్లూసా కిలో ఎంతో కూర్చాలి,
దానికీ జెడ్ కావాలి.
చెయ్యి పెట్టి ఒకటి తీశాను.
ఎవరిదో చూడలేదు.